సముద్రపు గూళ్లలో సాల్మన్ పెంపకము — మన చేపల రైతులకు పనికివచ్చు పాఠములు

గోదావరికి ఎర్రనీరు తగిలిన నాటినుండి మన వారు పులస కొరకు ఎదురు చూతురు. సముద్రములో తిరుగు విలస చేప వరదనీటిలో ప్రవేశించి, ప్రవాహమునకు ఎదురీది, ధవళేశ్వరము ఆనకట్ట దాక వచ్చును. దాని రాక గ్రుడ్లు పెట్టుటకే. ఉప్పునీటిలో పెరిగి మంచినీటిలో సంతానమును కను ఇట్టి చేపలు ప్రపంచములో మరికొన్ని కలవు. వానిలో మిక్కిలి పేరుపొందినది సాల్మన్.

పులసను చెరువులలో పెంచుటకు ప్రయత్నములు జరిగినవి గాని, అది ఇంకను రైతు పంట కాలేదు. సాల్మన్ మాత్రము యాబదియేండ్లలో పెద్ద పంట అయినది. నార్వే దేశమొక్కటే ఇటీవలి కాలములో ఏటికి 15 లక్షల టన్నులకు పైగా పండించుచున్నది. దాని తరువాత చిలీ, స్కాట్లండు, కెనడా, ఫారో ద్వీపములు చెప్పుకొనదగినవి.

ఈ చేప సంగతి మనకేల యని మీరడుగవచ్చును. మనము సాల్మన్‌ను పెంచుటకు కాదు. పిల్లల నాణ్యత, మేత ఖర్చు, పేను, తెగుళ్లు, ధర పడిపోవుట, ఇరుగుపొరుగుల నీటి తగవు - మన చెరువుల రైతుకు వచ్చు ప్రతి చిక్కును అక్కడి రైతు ముందుగనో వెనుకగనో ఎదుర్కొనినాడు. కొన్నింటిని జయించినాడు, కొన్నింటికి నేటికిని తలవంచుచున్నాడు. వారు సొమ్ము పోగొట్టుకొని నేర్చినది మనము చదివి నేర్చుకొనవచ్చును.

ముందుగా ఒక హెచ్చరిక. సాల్మన్ చలినీటి చేప. 8 నుండి 14 డిగ్రీల సెంటిగ్రేడు నీటిలో చక్కగా ఎదుగును. 20 డిగ్రీలు దాటిన నీటిలో మేత మాని కృశించును. మన చెరువుల నీరు వేసవిలో 30 డిగ్రీలు దాటుట మామూలు. యంత్రములతో నీటిని చల్లబరచి పెంచుట సాధ్యమే గాని, ఆ ఖర్చు సామాన్య రైతు మోయదగినది కాదు. కనుక ఎవరైనను వచ్చి, మీ చెరువులో వేయుటకు సాల్మన్ పిల్లలు తెప్పించి ఇత్తుమని చెప్పినచో బయానా ఇయ్యకుడు. మన తీరమున “ఇండియన్ సాల్మన్” అను పేరుతో అమ్ముడుపోవు మాగ చేప జాతియే వేరు. సాల్మన్‌కు నిజమైన చుట్టము ట్రౌట్. అది కాశ్మీరు, హిమాచల ప్రదేశ్, నీలగిరుల చల్లని ఏరులలో నున్నది.

నదిలో పుట్టుక, సముద్రములో ఎదుగుదల

పెంపకమునకు ఎక్కువగా వాడునది అట్లాంటిక్ సాల్మన్. దాని సహజ జీవితమును తెలిసికొన్నగాని పెంపకములోని మెలకువలు బోధపడవు.

ఆకురాలు కాలమునుండి చలికాలము ప్రవేశించు వరకు, నదుల ఎగువ భాగమున, గులకరాళ్లున్న చోట ఆడచేప తోకతో గుంట చేసి గ్రుడ్లు పెట్టును. మగచేప వానిపై పాలు వదలును. ఆడచేప తిరిగి గులకరాళ్లతో గుంటను కప్పివేయును. గ్రుడ్డు నారింజ రంగులో, బఠానీగింజంత యుండును. కిలో బరువునకు సుమారు 1,500 గ్రుడ్లు మాత్రమే వచ్చును. మన రోహు కిలో బరువునకు రెండు లక్షల గ్రుడ్లు పెట్టునని గుర్తుంచుకొనిన, భేదము తెలియును. సాల్మన్ తక్కువ గ్రుడ్లు పెట్టి, ఒక్కొక్క గ్రుడ్డులో ఎక్కువ ఆహారమును నిలువచేయును.

వసంతములో పిల్ల బయటపడును. కడుపుక్రింద వ్రేలాడు సొనసంచియే కొన్ని వారముల వరకు దానికి ఆహారము. ఆ సంచి తరిగిన పిమ్మట రాళ్లసందునుండి పైకివచ్చి పురుగులను తిన మొదలిడును. ప్రక్కలందు వ్రేలిముద్రల వంటి నల్లని మచ్చలతో, నీటి చల్లదనమును బట్టి ఒకటి మొదలు అయిదేండ్ల వరకు నదిలోనే యుండును.

అటుపై ఒక వింత మార్పు కలుగును. మచ్చలు మాసి ఒళ్లంతయు వెండివలె మెరయును. మొప్పలు, మూత్రపిండములు ఉప్పునీటికి తగినట్లు మారును. అంతవరకు ప్రవాహమునకు ఎదురు నిలిచిన పిల్ల, ప్రవాహముతో కలిసి సముద్రమునకు పోవును. ఈ దశలోని పిల్లను స్మోల్ట్ అందురు. సముద్రములో ఒకటి మొదలు నాలుగేండ్లు మేసి, కిలోలకొలది బరువెక్కి, తాను పుట్టిన నదినే వాసనచేత గుర్తించి తిరిగివచ్చును. పసిఫిక్ జాతులు గ్రుడ్లు పెట్టి చనిపోవును. అట్లాంటిక్ సాల్మన్‌లో కొన్ని బ్రతికి మరల సముద్రమునకు పోవును. అయితే సముద్రమునకు పోయిన నూరింటిలో తిరిగివచ్చునవి కొన్ని మాత్రమే.

పెంపకము ఎట్లు మొదలైనది

నార్వే తీరమంతయు కొండల నడుమకు చొచ్చుకొనివచ్చిన లోతైన సముద్రపు పాయలు. అలలు తక్కువ, నీటి కదలిక ఎక్కువ. 1970లో హిత్రా ద్వీపమున గ్రోంట్‌వెట్ సోదరులిద్దరు ఎనిమిది పలకల తేలుడు చట్రమునకు వల కట్టి, అందులో సుమారు 20,000 స్మోల్ట్ పిల్లలను వదలిరి. ఆ పంట చేతికి వచ్చుట చూచి తీరములోని రైతులు, జాలరులు అదే దారి పట్టిరి. 1973లో ఆ దేశము లైసెన్సు లేనిదే చేపలు పెంచరాదని చట్టము చేసినది. పరిశ్రమ చిన్నదిగా నున్నప్పుడే చట్టము వచ్చుట వారికి మేలు చేసినది.

అయినను అంతయు సాఫీగా జరుగలేదు. 1980 తరువాతి పదేండ్లలో పంట వేగముగా పెరిగి ధర పడిపోయినది. రైతుల ఉమ్మడి అమ్మకపు సంఘము మిగిలిన చేపను గడ్డకట్టించి నిలువచేసి, ధర నిలుపజూచినది. నిలువలు కొండవలె పెరిగినవి, అప్పులు తీరలేదు. 1991లో ఆ సంఘము దివాలా తీసినది. ఎన్నో చిన్న కుటుంబముల పెంపకములు పెద్ద కంపెనీల చేతికి పోయినవి. ఎంత పండించగలమను ప్రశ్నకు ముందు ఎంత అమ్మగలమను ప్రశ్న వేసికొనవలెనని దీనినుండి గ్రహించవలెను.

గ్రుడ్డు నుండి బజారు వరకు

పెంపకములో ఈ చేప జీవితమంతయు రెండున్నర మొదలు మూడేండ్లు. దానిని అయిదు దశలుగా చెప్పవచ్చును.

మొదటి దశ, గ్రుడ్లు తీయుట. మన రోహు, కట్ల చేపలు నిలువనీటిలో గ్రుడ్లు పెట్టవు. 1957లో హీరాలాల్ చౌధురిగారు పిట్యూటరీ గ్రంథి రసమును సూదితో ఎక్కించి గ్రుడ్లు పెట్టించిన తరువాతనే మన దేశములో హేచరీలకు దారి ఏర్పడినది. సాల్మన్ మంచినీటి తొట్టిలోనే పక్వమగును. అప్పుడు పొట్టపై మెల్లగా నొక్కి గ్రుడ్లను గిన్నెలోనికి తీసి, మగచేప పాలను కలుపుదురు.

రెండవ దశ, పొదుగుట. చీకటిగా నుండు గదులలో, పళ్లెములమీదుగా చల్లని స్వచ్ఛమైన నీరు పారుచుండును. ఇచ్చట వారు వాడు లెక్క తెలిసికొనదగినది. నీటి డిగ్రీలను రోజులతో గుణించుదురు. ఆ మొత్తము సుమారు 500 కాగానే పిల్ల బయటపడును. నీరు 8 డిగ్రీలైన 62 రోజులు, 5 డిగ్రీలైన 100 రోజులు. సగము కాలము గడచుసరికి గ్రుడ్డులో రెండు నల్లని కండ్లు కనబడును. అప్పటినుండి గ్రుడ్డు గట్టిపడును గనుక, ఒక చోటినుండి మరియొక చోటికి పంపుట ఆ దశలోనే జరుగును.

మూడవ దశ, మంచినీటి తొట్లు. సొనసంచి తరుగగానే పిండి వంటి మేతతో మొదలిడుదురు. ఈ దశలో పది నుండి పదునారు నెలలు. పిల్ల 60 మొదలు 150 గ్రాములు కాగానే, దీపముల సాయముతో దానికి కాలమును మరపింతురు. కొన్ని వారములు పగలు పన్నెండు గంటలకు తగ్గించి చలికాలమనిపించి, పిదప రాత్రింబవళ్లు వెలుతురిచ్చి వసంతమనిపింతురు. పిల్ల స్మోల్ట్‌గా మారును. ఈ మార్పు పూర్తికాని పిల్లను ఉప్పునీటిలో వేసిన చచ్చును.

నాలుగవ దశ, సముద్రపు గూడు. పడవలలోని నీటి తొట్లలో పిల్లలను తెచ్చి వల గూళ్లలో వదలుదురు. ఇచ్చట 12 నుండి 22 నెలలు పెరిగి 4, 5 కిలోలగును.

అయిదవ దశ, పట్టుబడి. కొన్ని రోజులు మేత ఆపి, పొట్ట ఖాళీయైన పిమ్మట చేపను ప్రాణముతోనే కర్మాగారమునకు చేర్చి, విద్యుత్తుతోగాని తలపై దెబ్బతోగాని స్పృహ తప్పించి, తరువాతనే కోయుదురు. బాధ పడి కొట్టుకొనిన చేప మాంసము త్వరగా మెత్తబడును. మన చెరువు గట్టున కూడ పట్టుబడికి ముందు ఒకటి రెండు రోజులు మేత ఆపుట, పట్టిన వెంటనే మంచులో వేయుట లాభకరము.

జాతిని బాగుచేయుట

నార్వేలో ఆవుల జాతిని వృద్ధిచేసిన శాస్త్రజ్ఞుడు హరాల్డ్ షెర్వోల్, ఆయనతో పనిచేసిన ట్రిగ్వే యెద్రెమ్, ఆవులకు పనికివచ్చిన సూత్రము చేపలకేల పనికిరాదని ఆలోచించిరి. 1971 మొదలుకొని సుమారు 40 నదులనుండి గ్రుడ్లు తెప్పించి, ఒక్కొక్క జంట సంతానమును వేరువేరుగా పెంచి, ఎదుగుదలలో మేలైన కుటుంబములనుండియే తల్లిచేపలను ఎన్నిక చేసిరి. ప్రతి తరములోను ఎదుగుదల నూటికి పది వంతులకు పైగా పెరిగినది.

ఈ పనికి మనతో నేరుగా సంబంధమున్నది. భువనేశ్వరము దగ్గర కౌసల్యాగంగ యందలి కేంద్ర మంచినీటి చేపల పరిశోధనా సంస్థ, 1992లో నార్వే శాస్త్రజ్ఞుల సహకారముతో రోహుపై అదే పద్ధతి మొదలిడినది. గంగ, యమున, గోమతి, బ్రహ్మపుత్ర, సట్లెజ్ నదుల రోహును చేర్చి ఎన్నిక చేయగా, తరమునకు సగటున నూటికి 17 వంతుల ఎదుగుదల హెచ్చినది. స్వాతంత్ర్య స్వర్ణోత్సవ సంవత్సరమగు 1997లో దానిని “జయంతి రోహు” అను పేరుతో విడుదల చేసిరి. మన రైతులలో కొందరు దానిని పెంచియేయున్నారు.

దీని భావమును మరువరాదు. ఒకే హేచరీలో అవే తల్లిచేపలను, వాని బిడ్డలనే ఏండ్లతరబడి వాడిన పక్షమున జాతి క్షీణించును. పిల్లలను కొనునప్పుడు లక్షకు ధర ఎంత యని మాత్రమే అడుగక, తల్లిచేపలు ఎక్కడివి, ఎన్నాళ్లకొకసారి మార్చుచున్నారు, రోహును కట్లను ఒకే తొట్టిలో కలిపి గ్రుడ్లు పెట్టించుచున్నారా యని కూడ అడుగుడు.

మేత

సాల్మన్ మాంసాహారి. 1990లో నార్వే రైతులు వాడిన మేతలో నూటికి 90 వంతులు చిన్న సముద్రపు చేపల పొడి, నూనెయే. ఒక చేపను పెంచుటకు సముద్రములోని చేపలనే పట్టుట ఎంతకాలము సాగునని విమర్శ వచ్చినది. చేపపొడి ధరయు పెరిగినది. క్రమముగా సోయా, గోధుమ, ఆవజాతి నూనెలు చేర్చి, 2020 నాటికి చేప పదార్థములను నూటికి 22 వంతులకు తగ్గించిరి. కాని ఆ సోయాలో ఎక్కువ భాగము బ్రెజిలునుండి వచ్చునది. సోయా సాగుకై అక్కడి అడవి నరికిన, సముద్రమును కాపాడి అడవిని పోగొట్టినట్లగును. అందుచేత ఇప్పుడు మేత దినుసు ఏ భూమిలో పండినదను విచారణ కూడ జరుగుచున్నది.

సాల్మన్ మాంసపు నారింజ రంగును గురించి ఒక మాట. సముద్రములో అది చిన్న రొయ్యజాతి జీవులను తినుటచే ఆస్టాక్సాంథిన్ అను పదార్థము చేరి ఆ రంగు వచ్చును. గూటిలోని చేపకు అదే పదార్థమును మేతలో కలుపుదురు.

సుమారు 1.2 కిలోల మేతకు ఒక కిలో చేప వచ్చును. ఇది మాయ కాదు. మేత ఎండు గుళిక. చేపలో మూడింట రెండు వంతులు నీరు. గూటిలో అమర్చిన కెమేరాలో చూచుచు, చేపలు మేత అందుకొనుట తగ్గగానే మేత ఆపుదురు. తినక క్రిందికి జారిన గుళిక డబ్బు నష్టము మాత్రమే కాదు, అడుగున కుళ్లు కూడ.

మన చెరువులలో నూనె తీసిన తౌడును రంధ్రముల సంచులలో పోసి, గుంజలకు కట్టు పద్ధతి మన రైతులే కనిపెట్టిన మంచి పద్ధతి. చేప తన ఆకలికొలది తినును. అయితే సంచి ఎంతసేపటిలో ఖాళీ అయినది, ఎన్ని సంచులు మిగిలినవి అని పుస్తకములో వ్రాసికొను రైతు తక్కువ. సాయంత్రమునకు తౌడు మిగిలినదనిన, నీటిలోనో చేపలోనో ఏదో లోపమున్నదని అర్థము. మరునాడు మేత పెంచక, కారణము వెదకుడు.

గూటిలో ఎన్ని చేపలుండవలెను?

నార్వేలో వాడుకలోనున్న పెద్ద గూటి చుట్టుకొలత 160 మీటర్లు, అడ్డము సుమారు 50 మీటర్లు. ఒక గూటిలో 2 లక్షల చేపలకు మించి యుండరాదు. ఘనపు మీటరు నీటికి 25 కిలోల చేప గరిష్ఠ పరిమితి. అనగా గూటిలో నూటికి తొంబదియేడున్నర వంతులు నీరే యుండవలెను.

ఈ సంఖ్య చూచి తొందరపడరాదు. ఎకరము చెరువులో అయిదడుగుల నీరనిన సుమారు 6,000 ఘనపు మీటర్లు. అందులో 4 టన్నుల చేప పండినను ఘనపు మీటరునకు కిలోలో మూడింట రెండు వంతులే. సముద్రపు గూటిలో ఆటుపోటులతో నీరు నిత్యము మారుచుండును; మన చెరువులో నిలువనీరు, రాత్రివేళ ప్రాణవాయువు తరుగును. వారి లెక్క మన చెరువునకు వర్తించదు. తీసికొనవలసినది ఏమనగా, పరిమితి అనునది ముందే వ్రాసిపెట్టుకొని, దానిని దాటకుండుట.

ఒక పంట తీసిన తరువాత ఆ చోటును కనీసము రెండు నెలలు ఖాళీగా ఉంచవలెనని వారి చట్టము. గూళ్ల క్రింద సముద్రపు అడుగు మట్టిని తీసి పరీక్షింతురు. మట్టి చెడినచో, కోలుకొను వరకు అక్కడ పెంపకము లేదు.

పేను బాధ

సాల్మన్ రైతు నిద్ర చెడగొట్టునది పేను. ఇది రొయ్యజాతికి చెందిన చిన్న పురుగు. చేప ఒంటికి అంటుకొని, జిగురును చర్మమును తినును. పుండ్లుపడిన చోట ఇతర తెగుళ్లు ప్రవేశించును. లక్షల చేపలు ఒక్కచోట నున్న గూడు దీనికి అక్షయపాత్ర వంటిది.

గూటిలోని పేను గూటితో పోదు. వసంతములో నదులనుండి సముద్రమునకు దిగు అడవి సాల్మన్ పిల్లలు గూళ్ల ప్రక్కగా పోవలెను. నూరు గ్రాములైన లేని ఆ పిల్లకు పది పేలు పట్టిన చాలు, బ్రతుకుట కష్టము. కనుక నార్వేలో ప్రతి రైతు వారమునకొకసారి కొన్ని చేపలను పట్టి పేలు లెక్కించి ప్రభుత్వమునకు తెలుపవలెను. సగటున చేపకు 0.5 ఆడపేను మించరాదు. పిల్లలు సముద్రమునకు దిగు వారములలో 0.2 మాత్రమే. ఆ లెక్కలు ఎవరైనను చూడవచ్చును.

మందులు మొదట పనిచేసినవి. అదే మందు పదేపదే వాడగా పేను దానికి అలవాటుపడినది. పేలను ఏరితిను చిన్న చేపలను గూళ్లలో వేసిరి. అవి సాయపడినవి గాని, గూళ్లలో చాలవరకు చచ్చుచున్నవి. వేడినీటిలో ముంచుట, నీటిధారతో కడుగుట మొదలైన పద్ధతులు పేలను వదలించును గాని చేపను నలిపివేయును. పూర్తిగా తీరిన చిక్కు కాదిది.

2017నుండి నార్వే తీరమును 13 మండలములుగా విభజించి, రంగు దీపముల పద్ధతి పెట్టిరి. పేనుచే చచ్చు అడవి పిల్లలు నూటికి 10 లోపైన ఆకుపచ్చ: పెంపకము నూటికి 6 వంతులు పెంచుకొనవచ్చును. 10 నుండి 30 వరకు పసుపు: ఉన్నంతలో ఉండవలెను. 30 దాటిన ఎరుపు: 6 వంతులు తగ్గించవలెను. ఒకరి అశ్రద్ధకు మండలమంతయు నష్టపడును గనుక, పొరుగువాని గూటిపై కూడ ప్రతి వానికి కన్నుండును.

మన రోహు, కట్ల చెరువులలో కనబడు ఆర్గులస్ అను చేపపేను కూడ రొయ్యజాతిదే. అది గట్టి వస్తువులపై గ్రుడ్లు అంటించును. చెరువులో అక్కడక్కడ వెదురు గడలు, చెక్కలు పాతి, కొన్ని రోజులకొకసారి తీసి ఎండలో ఎండబెట్టిన గ్రుడ్లు నశించును. ఖర్చులేని పని ఇది. పేను కనబడగానే మందు సీసా వెదకుటకు ముందు దీనిని చేయుడు.

మందులు పోయి టీకాలు వచ్చుట

ఈ కథలో మనకు ధైర్యమిచ్చు భాగమిది. 1987లో నార్వే పండించినది సుమారు 50,000 టన్నుల చేప. అందుకు వాడిన యాంటీబయాటిక్ మందు సుమారు 50 టన్నులు. అనగా టన్ను చేపకు కిలో మందు. పుండ్ల తెగులు, చలినీటి విబ్రియో తెగులు గూళ్లను ఖాళీ చేయుచుండెను. అప్పుడు టీకాలు కనిపెట్టిరి. సముద్రమునకు పంపుటకు ముందు, ప్రతి పిల్లకును మత్తిచ్చి, పొట్టలో సూదితో టీకా వేయుదురు. నేడు పంట ముప్పదిరెట్లయినను, దేశమంతటికిని వాడు యాంటీబయాటిక్ ఏటికి ఒక టన్ను లోపే. టన్ను చేపకు ఒక గ్రాము కూడ కాదు.

తెగులు రాకుండ చేయుట, వచ్చిన తెగులునకు మందు పోయుటకంటె చవుక యని దీనికంటె గొప్ప నిదర్శనము లేదు. మన రొయ్యలలోను చేపలలోను మందుల అవశేషములున్నవని విదేశములవారు సరకు త్రిప్పి పంపినచో, నష్టపడునది మందు అమ్మినవాడు కాదు, రైతు.

చిలీలో జరిగిన నష్టము

సాల్మన్ చిలీ దేశపు చేప కాదు. నీరు అనుకూలముగా నుండుటచే అక్కడ పెంపకము మొదలిడి, నార్వేతో పోటీపడునంతగా పెంచిరి. గూళ్లు దగ్గరదగ్గరగా పెట్టిరి. ఒకే పాయలో ఒకరి చేప చిన్నది, మరొకరిది పెద్దది. ఏడాది పొడుగున ఎప్పుడో ఒక గూటిలో చేప యుండును, నీటికి విశ్రాంతి లేదు. 2007లో అంటు రక్తహీనత యను వైరస్ తెగులు పడినది. 2010 నాటికి అట్లాంటిక్ సాల్మన్ పంటలో మూడింట రెండు వంతులు పోయినది. వేలమంది కూలీలు పనులు కోల్పోయిరి.

ఆ దెబ్బతో చట్టము మార్చిరి. ఒక నీటి ప్రాంతములోని పెంపకములన్నిటిని ఒక పేటగా చేసి, అందరు ఒక్కసారి పిల్లలు వేయుట, ఒక్కసారి పట్టుట, తరువాత మూడు నెలలు అందరు కలిసి విరామమిచ్చుట నియమము చేసిరి.

మన కోస్తా జిల్లాల రైతులకు ఇది విన్న కథవలెనే యుండును. 1994, 1995 సంవత్సరములలో తెల్లమచ్చల తెగులు రొయ్యల చెరువులను తుడిచిపెట్టినప్పుడు, ఒకరి చెరువు నీరు కాలువలోనికి, కాలువనుండి మరొకరి చెరువులోనికి ప్రవహించి తెగులును మోసికొనిపోయినది. ఎవరి గట్టు వారిదే గాని, నీరు అందరిది.

తప్పించుకొన్న చేపలు

తుఫానులో వల చినిగినను, పడవ తగిలినను గూటి చేపలు సముద్రములోనికి పోవును. అవి నదులలో ప్రవేశించి అడవి చేపలతో కలియును. గూటిలో తరతరములుగా వేగముగా ఎదుగుటకు ఎన్నిక చేసిన చేప, నదిలో బ్రతుకు నేర్పును పోగొట్టుకొన్నది. దాని సంతానము ఏటిలో బలహీనము. నార్వేలో పరిశీలించిన నదులలో సుమారు మూడింట రెండు వంతులలో ఈ కలయిక జాడలు కనబడినవి. అడవి సాల్మన్ రాక ఎంత తగ్గినదనగా, 2024 వేసవిలో 33 నదులలో చేపలు పట్టుటను నిలిపివేసిరి.

గూటిలోని చేపలకు గూడ బాధ తీరలేదు. 2023లో నార్వే గూళ్లలో 6 కోట్ల 28 లక్షల సాల్మన్ చనిపోయినది. ఇది నూటికి దాదాపు 17 వంతులు. పేలను వదలించు పనిలో నలిగినవి, మొప్పల తెగుళ్లతో పోయినవి, పుండ్లతో పోయినవి. లాభము వచ్చుచున్నను ఇంత చావు తగదని ఆ దేశములోనే తీవ్రముగ చర్చ జరుగుచున్నది. పిల్లను తొట్టిలోనే ఇంకను పెద్దదిగా పెంచి సముద్రములో నుండు కాలమును తగ్గించుట, గోడలు మూసిన గూళ్లు, నీటిని శుభ్రపరచి మరల వాడు తొట్లు - ఇట్టివి ప్రయత్నించుచున్నారు. ఖర్చు ఎక్కువగుటచే అన్ని చోట్ల వ్యాపించలేదు.

మనము చేయవలసినవి

ఇంతవరకు చదివిన దానినుండి మన చెరువులకు పనికివచ్చు ముఖ్య విషయములివి:

1. పిల్లలను నమ్మకమైన హేచరీనుండి కొనుడు. తల్లిచేపల సంగతి విచారించుడు. చెరువులో వేయుటకు ముందు సంచిని నీటిపై తేల్చి, చెరువు నీటికి అలవాటుచేయుడు.

2. చెరువునకు ఇన్ని చేపలని ముందే వ్రాసికొనుడు. పొరుగువాడు ఎక్కువ వేసినాడని మీరు పెంచవద్దు.

3. పదునైదు రోజులకొకసారి వల లాగి కొన్ని చేపలను చూడుడు. బరువు, పేను, పుండ్లు - మూడును పుస్తకములో వ్రాయుడు. చచ్చిన చేపల లెక్క కూడ వ్రాయుడు. సిగ్గుపడి దాచిన లెక్క తెగులును ఆపదు.

4. పంట తీసిన తరువాత చెరువును ఎండగట్టి, అడుగు పగుళ్లు వేయునట్లు విడిచి, సున్నము చల్లుడు. ఒకే కాలువపై నున్న రైతులందరు కూర్చుండి విరామపు తేదీలను ఒక్కటిగా నిర్ణయించుకొనుడు.

5. తెగులు పడిన చెరువు నీటిని కాలువలోనికి వదలవద్దు. వదలవలసివచ్చినప్పుడు దిగువవారికి ముందుగా తెలుపుడు. చచ్చిన చేపను గట్టున పారవేయక, సున్నము వేసి పూడ్చుడు.

6. మందును మత్స్యశాఖ వారి సలహా లేనిదే వాడవద్దు.

గ్రామాధికారులకు ఒక మనవి. మన రాష్ట్రములో నియమములు నష్టము జరిగిన తరువాత వచ్చినవి. 1996లో రొయ్యల చెరువులపై సుప్రీంకోర్టు తీర్పు వచ్చినది, 2005లో తీరప్రాంత జలసాగు చట్టము వచ్చినది, 2006లో కొల్లేటిలో చెరువుల గట్లను కొట్టివేసిరి. అప్పు తెచ్చి గట్టు పోసిన రైతు ఆ గట్టు పడుట చూచుట ఎంత కష్టమో మీ రెరుగుదురు. చెరువు త్రవ్వక ముందే, ఆ భూమి ఎట్టిది, నీరు ఎక్కడినుండి వచ్చును, ఎక్కడికి పోవును, దిగువన త్రాగునీటి చెరువున్నదా యని చూచి చెప్పినచో, రైతునకు మీరు చేయు మేలు అంతింత కాదు.

నదిలో పుట్టిన సాల్మన్ నేటికిని తన నదిని మరువక తిరిగివచ్చుచున్నది. వచ్చువాని సంఖ్య మాత్రము తగ్గుచున్నది. మన పులస సంగతియు అంతే. చెరువులో చేపను పండించుట మంచి వ్యవసాయమే. కాని ఏటిని, కాలువను, పొరుగువాని నీటిని చెరుపక పండించినదే పది కాలములు నిలుచు పంట. ఈ సారి చెరువు ఎండగట్టునప్పుడు మీ కాలువపై నున్న రైతులను పిలిచి, పైని ఆరు విషయములను వారితో ఒకసారి చదివి చర్చించుడు.